కాలు ఆనే బండి

రేపటినుంచి మూఢం అనగా ఇవాళ మేం మోటారు సైకిలు కొన్నాం. గొడవంతా అక్కడే మొదలైంది.

శుక్రుడు సూర్యుడికి మరీ దగ్గరగా జరిగి కంటికి కనపడకుండా పోయే రోజుల్ని మూఢమంటారు. ఆయనగారు మళ్ళీ కనపడేదాకా పెళ్ళిళ్ళుండవు, గృహప్రవేశాలుండవు, కొత్త బండి ఇంటికి రాకూడదు. మొన్నటి మూఢం మార్గశిరంలో వచ్చి కూర్చుని, పుష్యం దాటి, బంగారంలాంటి మాఘమాసాన్ని కూడా మింగి, ఫాల్గుణంలో గానీ వదల్లేదు. ఈ కబురు ప్రత్తిపాడులోనూ చుట్టుపక్కల నాలుగూళ్ళలోనూ చెప్పాల్సినవాడు మా ఆయనే. పేరు జానకిరామయ్య, జనానికి పంతులుగారు. ఆయన వేళ్ళు మడిచి లెక్కపెట్టి ‘ఊఁ’ అంటే పెళ్ళి, ‘ఊహూఁ’ అంటే వాయిదా.

అలాంటి మనిషికి దసరాలకి కళ్ళు మొరాయించాయి. గుంటూరులో చూపిస్తే నీటికాసులు, అంటే గ్లకోమా అన్నారు. ఎదురుగా పెట్టిన పుస్తకం ఇప్పటికీ గడగడా చదువుతారు గానీ, పక్కనుంచి గేదె వచ్చినా లారీ వచ్చినా మీదపడేదాకా తెలియదు. “చుక్కల మందు మానొద్దు, బండి మాత్రం ముట్టుకోవద్దు” అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. ఇంటికొచ్చి తన పాత మోపెడ్ మీద గోనెపట్టా కప్పి, ఆ రాత్రి అన్నం దగ్గర, “ఆటో మాట్లాడుకుంటాలే” అన్నారు.

“తెల్లవారుజాము ముహూర్తాలకి ఏ ఆటో అతను వస్తాడండీ? వచ్చినా పెళ్ళయ్యేదాకా మీకోసం కూర్చుంటాడా?”

“మరేం చెయ్యమంటావు? వేళకి అందని పురోహితుణ్ణి ఎవరు పిలుస్తారే?”

“నేను తోలతాను” అన్నాను.

ఆయన మెడంతా నావైపు తిప్పి చూశారు. ఇప్పుడు ఏది చూడాలన్నా అలాగే తిరగాలి. “నువ్వా?”

“ఏం, నేను మనిషిని కానా? పదో క్లాసు దాకా సైకిలు తొక్కినదాన్నే.”

ఆయన అన్నంలో మజ్జిగ కలుపుకుంటూ, “సరే, ఎల్లెల్లార్‌కి పెట్టు” అన్నారు. అంత తేలిగ్గా ఒప్పుకుంటారనుకోలేదు. తీరా ఒప్పుకున్నాక చూసుకుంటే, ఏ బండి కొనాలో, అసలు బండి ఎక్కితే చీర ఏమవుతుందో ఒక్కటీ తెలియదు.

గుంటూరులో ఇంజినీరింగ్ చదివే మా అమ్మాయి వేదశ్రీ ఆదివారం వచ్చి, “స్కూటీ తీసుకోమ్మా, గేర్ల గోల ఉండదు” అంది. పాలమ్మాయి అదే అంది. ఎదురింటివాళ్ళు అదే అన్నారు. కందకి లేని దురద కత్తిపీటకెందుకో గానీ, మా ఇంట్లో బండి కొంటున్నారంటే వీధి వీధంతా నిద్ర మానుకుంది. మావన్నీ రేగడి డొంకలనీ, చినుకు పడితే చిన్న చక్రానికి బంక పట్టి తిరగనే తిరగదనీ, పెద్ద చక్రాల బండే కావాలనీ అందరికీ చెప్పుకొచ్చాను. అది నిజమే. అయితే అదొక్కటే కారణం కాదు. పెళ్ళికి ముందు మా అన్నయ్య బండి స్టాండు మీద ఉండగా ఎవరూ లేనప్పుడు ఎక్కి కూర్చునేదాన్ని. నలభై దాటిన పంతులుగారి భార్యకి ఆ కోరిక ఇంకా ఎందుకు మిగిలిందంటే నన్నడిగితే ఏం చెప్పను?

ఫోనులో వీడియోలు చూడటం మొదలుపెట్టాను. ఒకాయన మైలేజీ చూడమంటాడు, ఇంకొకాయన మైలేజీ చూసేవాడు బండే కొనకూడదంటాడు. నూటపాతిక సీసీ చాలంటాడొకడు, నూటయాభై లేకపోతే వెనక మనిషిని ఎక్కించుకోలేవంటాడొకడు. ఒకమ్మాయి మాత్రం, ‘కొత్తవాళ్ళు ముందు సీటు ఎత్తు చూసుకోండి, తర్వాతే మిగతావి’ అంది. ఆ మాట నాకు నచ్చింది. ఆమె చూపించిన పొట్టి సీటు బండే కావాలని మనసులో గట్టిగా అనుకున్నాను.

మూఢం ముందురోజు పొద్దున్నే మేం గుంటూరు బయల్దేరుతుంటే బుల్లయ్య వచ్చాడు. మూడెకరాల సొంత మిరపకి తోడు పదెకరాలు కౌలుకి చేసే రైతు. మా ఆయన మాటంటే వేదం అతనికి.

“పంతులుగారూ, ట్రాక్టరు కాయితాలు ఇయ్యాల కావంట. ఎల్లుండి తెచ్చుకోమంటున్నారు. తెచ్చుకోవచ్చా?”

“ఎల్లుండి మూఢం కదయ్యా.”

“మిరపకోత మీదికొస్తందండీ. ఆ అద్దె బండ్లతో ఎట్టా ఏగేది?”

“ఫాల్గుణం దాకా ఓపిక పట్టు బుల్లయ్యా. నేనే దగ్గరుండి పూజ చేస్తాను.”

బుల్లయ్య తల గోక్కున్నాడు. “మీ మాట నేనెప్పుడు కాదన్నా? కానియ్యండి” అని వెళ్ళిపోయాడు.

షోరూములో ఇసుకేస్తే రాలనంత జనం. మా ఆయనా, ఆయనలాంటి పంతుళ్ళూ కలిసి జిల్లా మొత్తాన్ని అక్కడికి తోలినట్టున్నారు. నేననుకున్న పొట్టి సీటు బండి పేరు చెబితే సేల్స్ కుర్రాడు పెదవి విరిచాడు.

“అయిపోయినయ్ మేడమ్. పదిహేను రోజుల్లో వస్తయ్.”

“పదిహేను రోజులకి మూఢంలో ఉంటామయ్యా” అన్నారు ఈయన.

ఉన్న వాటిల్లో ఎర్రదొకటి చూపించాడు. నా జన్మనక్షత్రానికి ఎరుపు బాగుంటుందని ఈయన వేళ్ళు మడిచి తేల్చారు. కాలేజీ నుంచి అక్కడికే వచ్చిన వేద బ్రేకులు చూసి బాగున్నాయంది. నేనెక్కి కూర్చున్నాను. రెండు వైపులా బొటనవేళ్ళు మాత్రమే నేలకి తగిలాయి.

“కాళ్ళు ఆనట్లేదండీ” అన్నాను.

“రెండ్రోజుల్లో అలవాటైపోద్ది మేడమ్. గుడ్డికన్నా మెల్ల మేలు కదండీ” అన్నాడు కుర్రాడు. ఆయన కళ్ళ సంగతి వాడికి తెలియదు పాపం. ఆయన మాత్రం విన్నట్టే లేదు. గోడ గడియారానికి ఎదురుగా నిలబడి ఉన్నారు.

“ఇంకాసేపట్లో వర్జ్యం వస్తుంది. తీసుకుందామా, వద్దా? చెప్పు.”

చుట్టూ హారన్లు, కొబ్బరికాయలు కొట్టే చప్పుళ్ళు, ‘బిల్లు ఎక్కడ, తాళం ఎక్కడ’ అని కేకలు. కందిపప్పు కొనేటప్పుడు కూడా నాలుగు గింజలు కొరికి చూసేదాన్ని, ఆ గందరగోళంలో “మీ ఇష్టం” అనేశాను.

పక్క కొట్లో హెల్మెట్లు. బుగ్గలు నొక్కుకుపోతేనే అది సరైన సైజని వేద. నాకు ఊపిరాడట్లేదు. పైగా కొప్పు మీద హెల్మెట్టు దిగదు. అక్కడే నలుగురి ముందూ కొప్పు విప్పి, చిన్నపిల్లలా జడేసుకున్నాను. వెనక కూర్చునేవాళ్ళకీ ఉండాలని ఆయన చేత కూడా పెట్టించింది వేద. తీసేసరికి ఆయన నుదుటి కుంకుమంతా లోపలి దూదికి అంటుకుంది. కొట్టువాడు లబలబలాడాడు. ఇంక అది కొనక తప్పలేదు. మోచేతుల దగ్గర గట్టి బిళ్ళలు కుట్టిన నల్లకోటొకటి నాకు తొడిగారు. చేతి తొడుగులు మాత్రం తోలువి వద్దు, గుడ్డవే కావాలన్నారు ఈయన. చుడీదారు, నల్లకోటు, రెండు చేతులకీ తొడుగులు. అద్దంలో చూసుకుంటే ఆవిడెవరో నాకు తెలియలేదు.

బయట ఆయనే పూజ చేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, “ఊఁ, పోనీ” అన్నారు. నాకు బండి తోలడం రాదన్న సంగతి ఆ హడావుడిలో ఇద్దరం మర్చిపోయాం. చివరికి సేల్స్ కుర్రాడే ఎక్కి నిమ్మకాయలు తొక్కించాడు.

నేర్చుకోవడానికి చోటు బుల్లయ్య ఇచ్చాడు. “కాయ కోతకొచ్చేదాకా కల్లం కాళీనే అమ్మగారూ. మీకెట్టా కావాలంటే అట్టా తిప్పుకోండి.” మిరపకాయలు ఆరబోసే కల్లం కదా, అద్దంలా చదునుగా ఉంటుంది. నేర్పేది సమీరా. మా మండలంలో పశువుల ఆసుపత్రిలో పనిచేస్తుంది. ఊళ్ళు తిరిగి గేదెలకి సూదులేసి వస్తుంటుంది. ఆ పిల్ల బండి తోలుతుంటే రోడ్డు మీద మగవాళ్ళు పక్కకి తప్పుకోవాల్సిందే.

“క్లచ్చి ఒక్కసారి వదిలెయ్యకండి ఆంటీ. పాలు పొంగేటప్పుడు స్టవ్ నెమ్మదిగా తగ్గిస్తారు చూడండీ, అట్లా.”

ఆ మాటతో నాకు క్లచ్చి అర్థమైంది. వారం తిరిగేసరికి కల్లం చుట్టూ మూడో గేరులో తిరుగుతున్నాను. ఓరి నాయనో, ఆ గాలి! నాలో నేనే నవ్వుకుంటుంటే హెల్మెట్టు ఉంది కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే పిచ్చెక్కిందనుకునేవాళ్ళు. చిక్కల్లా ఆపేటప్పుడే. ఆపగానే బండి ఏ పక్కకి ఒరిగితే ఆ పక్కన నేల నాకందదు. అంతే, దబ్బున పడటం. ఎడమకి పడ్డాను, కుడికి పడ్డాను, ఒకసారి బండి నామీదే పడితే సమీరా, బుల్లయ్య పాలేరు అంకయ్య కలిసి లేపారు. కోటు పుణ్యమా అని మోచేతులు మిగిలాయి. మోకాళ్ళ సంగతి మాత్రం ఎవరికి చెప్పుకుంటాను?

“మీ డ్రైవింగ్ బాగానే ఉందాంటీ. ఒకసారి నా బండెక్కి చూడండి” అంది సమీరా.

ఆమెది పొట్టి బండి. ఎక్కాను, ఒక చుట్టు తిరిగాను, ఆపాను. కాలు చాపగానే నేల అక్కడే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది.

“తప్పు మీది కాదు. ఎర్రదాన్ని మార్చెయ్యండి. మీరడిగిన బండి షోరూముకి వచ్చేసిందంట, కనుక్కున్నా” అంది.

లైసెన్సు పరీక్షలో సమీరా బండే తోలి పాసయ్యాను. ఆ సంబరంలోనే ఇంటికొచ్చి బండి మారుద్దామన్నాను. ఆయన సంచి సర్దుకుంటున్నవారల్లా ఆగారు.

“మూఢంలోనా?”

“మరి నేను రోజూ పడుతుంటే?”

“ఫాల్గుణంలో మారుద్దాం. నిన్ను పడమనడం లేదే, అర్థం చేసుకో. బుల్లయ్యని ఆపాను. ఐదూళ్ళలో ఇంకా ఎంతమందిని ఆపానో. సుబ్బరావమ్మ మాఘంలో కూతురి పెళ్ళి పెట్టుకుంటానంటే వద్దన్నాను. ఇప్పుడు నేనే పోయి కొత్త బండి తెచ్చుకుంటే ఇంక నా మాట ఎవడు వింటాడు? మనం తింటున్నది ఆ మాట మీదే కదా.”

ఆయన అన్నదీ సబబే, నేనన్నదీ సబబే. రెండూ సబబైనప్పుడు ఏం చెయ్యాలో ఏ పంచాంగంలోనూ రాయలేదు కాబోలు. అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు అంటారు గానీ నాకు కాళ్ళే అందట్లేదాయె.

రెండ్రోజులకి ఆయన వేదని తీసుకుని గుంటూరెళ్ళి నాకు బూట్లు తెచ్చారు. మామూలు బూట్లు కాదు. అడుగున రెండు వేళ్ళ మందాన అదనంగా రబ్బరు అంటించినవి. చెప్పులు కుట్టే అతని దగ్గర ఎండలో కూర్చుని మరీ దగ్గరుండి చేయించారట.

“వేసుకో. కాలు ఆనుతుంది” అన్నారు, ఏదో నగ చేయించి తెచ్చినంత మురిపెంగా.

వేసుకుని ఎక్కితే పాదం ముందుభాగం ఆనింది, నిజమే. కానీ గేరు కాలికి తెలియట్లేదు. పరుపు మీద నిలబడి నేల వెతుక్కున్నట్టుంది. ఆ సంగతి చెబుదామనుకున్నాను. ఆయన ముఖం చూసి నోరు రాలేదు.

పుష్యమాసంలో పక్క ఊళ్ళో ఒక బారసాల వచ్చింది. బారసాలకి మూఢంతో పని లేదు. మొదటిసారి ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాను. పంచె ఎగ్గట్టి, సంచి ఒళ్ళో పెట్టుకుని, హెల్మెట్టు లోపల్నుంచి ఏదో స్తోత్రం చదువుతూ కూర్చున్నారు. పత్తి తీతలు అయిపోయాయి, చేలల్లో మోళ్ళు మిగిలాయి. మిరపచేలు ఎర్రబడ్డాయి. కాయ కోసే ఆడవాళ్ళు నడుములు ఎత్తి చూసి కేకలేశారు. “అదుగో, పంతులమ్మగారు బండి తోలతందే!” సిగ్గుతో చచ్చాను, లోలోపల మాత్రం ఎగిరి గంతేశాను.

పోయేటప్పుడు బాగానే పోయాం. తిరిగొచ్చేటప్పుడు డొంక వెళ్ళి తారురోడ్డులో కలిసే చోట, కుడిపక్కనుంచి మిరప టిక్కీ బస్తాల లోడుతో ట్రాక్టరు వస్తూ కనపడింది. ఆగుదామని గేరు తగ్గించబోయాను. ఆ లావు అడుగు గేరు కడ్డీ కింద ఇరుక్కుంది. బండి కుదుపులతో పోయి, నేను క్లచ్చి నొక్కేసరికి రోడ్డు మీదే ఆగి, కుడికి ఒరిగింది. కాలు చాపాను. రోడ్డు అంచు పల్లంగా ఉంది, రెండు వేళ్ళ రబ్బరు కూడా దానికి అందలేదు.

ఇద్దరం పడ్డాం. నా కాలు బండి కింద ఉంది. ఆయన రోడ్డు మధ్యలో లేచి కూర్చుని సంచిలోంచి దొర్లిన పంచపాత్ర కోసం తడుముకుంటున్నారు. పడిన బండి ఇంకా రొద పెడుతూనే ఉంది, పైగా నెత్తిన హెల్మెట్టొకటి, దాంతో ట్రాక్టరు చప్పుడు ఆయనకి విడిగా తెలియలేదు. అది వస్తున్నదేమో ఆయనకి చూపు లేని పక్కనుంచి.

“ఏమండీ!” అని అరిచాను. “లేవండీ! ఏమండీ!”

ఆయన నా గొంతు వినపడిన వైపుకి, అంటే నావైపుకి తిరిగారు.

ట్రాక్టరు రోడ్డు దిగి, పత్తిమోళ్ళు విరుచుకుంటూ చేలోకి పోయి ఆగింది. వెనక ట్రక్కు ఒరిగి టిక్కీలు రెండు జారి పగిలాయి. దాని మీంచి దూకి వచ్చింది బుల్లయ్య.

“బ్రేకు పడలా అమ్మగారూ! రెండుసార్లు తొక్కా, పడలా! అద్దె బండి, దీని రోగం ఏందో దీని ఓనరుక్కూడా తెలవదు. అదే నా కొత్త బండయితే...”

అక్కడ ఆపేశాడు. మా ఆయన్ని చూసి ఆపేశాడు. ఆయన్ని రెక్క పట్టుకుని లేపి, నా కాలు మీంచి బండి తీశాడు. ఇంక ఆ మాట ఎత్తలేదు.

“నీకేం తగల్లేదు కదా బుల్లయ్యా?” అన్నారు ఈయన. అని, హెల్మెట్టు కూడా తియ్యకుండా వెళ్ళి చేలో చిందిన మిరపకాయలు ఏరి టిక్కీలో వెయ్యడం మొదలుపెట్టారు. “మీరెందుకండీ, నేను ఏరుకుంటా గదా” అని బుల్లయ్య ఎంత మొత్తుకున్నా వినలేదు.

ఇంటికొచ్చాక నేనూరుకోలేదు. నోటికొచ్చినట్టు తిట్టాను. బూట్లు తీసి పెరట్లోకి విసిరేశాను. “నాకొద్దీ బండి. మీ శుక్రుడు ఎప్పుడు లేస్తే అప్పుడు లేవనీండి, అప్పటిదాకా తాళం ముట్టుకుంటే ఒట్టు” అన్నాను. ఆయన మెడ తిప్పి నావైపు చూడను కూడా లేదు. కోపమో, బాధో, భయమో ఏదో ఒకటి చెబితే నేను సర్దుకుందును.

తెల్లవారి సంధ్యావందనం చేసుకుని లేచి, “గుంటూరు పోదాం పద. బండి మార్చుకొద్దాం” అన్నారు.

నెలరోజులుగా దానికోసమే కలవరిస్తున్నదాన్ని, ఆ మాట వినగానే నేనే అడ్డుపడ్డాను. “మూఢమండీ!”

“తెలుసు.”

“ఎవరన్నా చూస్తే?”

“చూడనీ.”

“ఫాల్గుణం దాకా నేను ఆగుతానన్నాను కదండీ. బారసాలలకి ఆటోలో వెళ్ళండి. ఇప్పుడేం కొంపలు మునిగాయి?”

“నువ్వాగుతావు. బుల్లయ్య కాయ ఆగుతుందా?”

మధ్యలో బుల్లయ్య ఎందుకొచ్చాడో నాకు అంతుపట్టలేదు. అడిగితే మళ్ళీ మనసు మార్చుకుంటారేమోనని అడగలేదు. మార్చుకుంటే బాగుండునని కూడా అనిపించింది. ఆ పూట నేనెవరి పక్షమో నాకే తెలియదు.

ఎర్రబండిని సమీరా తోలుకొచ్చింది, మేం బస్సులో వెళ్ళాం. షోరూములో పిట్ట లేదు. బండ్లన్నీ వరసగా దుమ్ము పట్టి ఉన్నాయి. సేల్స్ కుర్రాడు ఫోను చూసుకుంటూ కూర్చున్నవాడల్లా మమ్మల్ని చూసి లేచాడు. పాతది ఇచ్చి కొత్తది తీసుకుంటామంటే వాడికి నమ్మకం కుదర్లేదు.

“పంతులుగారూ, మూఢం గదండీ?”

“అవును” అన్నారు ఆయన. అంతే అన్నారు.

బూడిదరంగు బండొకటి తెచ్చి పెట్టాడు. రంగు నా నక్షత్రానికి నప్పుతుందో లేదో ఆయన వేళ్ళు మడవలేదు. టైమెంతైందని గోడవైపు చూడలేదు. “ఎక్కు” అన్నారు. ఎక్కాను.

“ఆనిందా?”

“ఆనిందండీ.”

ఆయనకి నమ్మకం కలిగినట్టు లేదు. కండువా నడుముకి చుట్టి, షోరూము గచ్చు మీద మోకాళ్ళ మీద కూర్చున్నారు. తల ఎంత వంచినా నా పాదం ఆయనకి సరిగ్గా కనపడలేదు కాబోలు, చేత్తో తడిమారు. నా మడమ కిందికి అరచెయ్యి పోనిచ్చి చూశారు. చెయ్యి పోలేదు.

“అయ్యయ్యో, ఏంటండీ ఇది, లేవండి!” అన్నాను. సమీరా అటు తిరిగింది. కుర్రాడు కళ్ళప్పగించి చూస్తున్నాడు. పాతికేళ్ళ కాపురంలో నేను ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాను గానీ ఆయన చెయ్యి నా పాదానికి తగలడం ఎరగను.

“రెండో కాలు” అన్నారు. అటుపక్కకి జరిగి అదీ చూశారు. చూసి, గచ్చు మీద చెయ్యి ఆనించి లేచి, “ఇది తీసుకుందాం” అన్నారు.

బయటికొచ్చాక, “పూజ?” అని గొణిగాను. “ముందు ఇంటికి పద” అన్నారు.

ఊరు దగ్గరపడుతుంటే నాకు కొత్త బెంగ. “చెరువుకట్ట మీదుగా పోదామండీ, సెంటర్లో అందరూ ఉంటారు” అన్నాను.

“సెంటర్లోంచే పోనీ.”

టీకొట్టు దగ్గర బుల్లయ్య, ఇంకో నలుగురు రైతులు ఉన్నారు. పక్కన కూరగాయల బండి దగ్గర సుబ్బరావమ్మ. బండి ముందు కట్టిన కొత్త నంబరు కాయితం చూడగానే ఒక్కొక్కరి చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆయన నా భుజం తట్టి ఆపమన్నారు. ఆపాను. ఇటూ అటూ ఒరక్కుండా ఆగింది.

“ఏంది పంతులుగారా, మూఢంలో కొత్త బండా?” సుబ్బరావమ్మ గొంతు పెద్దది. “మా పిల్ల పెళ్ళి మాఘంలో పనికిరాదంటే నోరు మూసుకుని ఆపుకున్నామే! మాకో శాస్త్రం, మీకో శాస్త్రమా?”

ఆయన బండి దిగి హెల్మెట్టు తీశారు. బొట్టంతా అలుక్కుపోయి ఉంది. “పెళ్ళి సంగతి శాస్త్రంలో ఉన్నదే చెప్పాను సుబ్బరావమ్మా. ఇప్పుడడిగినా అదే చెబుతాను. బండి సంగతిలో నేను పొరపడ్డాను.” మెడ తిప్పి వెతికారు. “బుల్లయ్య ఉన్నాడా ఇక్కడ?”

“ఉన్నానండీ.”

“రేపే పోయి నీ ట్రాక్టరు తెచ్చుకో. ఎవరన్నా అడిగితే పంతులే తెచ్చుకోమన్నాడని చెప్పు.”

బుల్లయ్య తల వంచుకుని టీ గ్లాసులోకి చూస్తూ నిలబడ్డాడు. సుబ్బరావమ్మ మాత్రం సంచి భుజానికెత్తుకుని, “సరే మరి. పెళ్ళి సంగతి మేం కూడా ఇంకోసారి ఆలోచించుకుంటాంలెండి” అని మా ముందునుంచే వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఇద్దరు రైతులు లేచి వెళ్ళారు. దణ్ణం పెట్టకుండా వెళ్ళారు.

ఇల్లు చేరాం. బండి స్టాండు వేసి, తాళం తీసి, అక్కడే నిలబడి అడిగాను.

“ఇంక మనల్ని ఎవరైనా పిలుస్తారంటారా?”

ఎప్పుడు వానొస్తుందో, ఎవరికి ఎప్పుడు సంబంధం కుదురుతుందో అడగ్గానే చెప్పే మనిషి. వరండా మెట్టు మీద కూర్చుని హెల్మెట్టు పక్కన పెట్టారు.

“తెలియదే” అన్నారు. “రేపు మాత్రం బుల్లయ్య ట్రాక్టరు తెస్తాడు. దానికి పూజ ఇంకే పంతులూ చెయ్యడు, నేనే చెయ్యాలి. నన్ను తీసుకెళ్తావా?”



“తీసుకెళ్ళక చస్తానా!” అన్నాను.